విండోరాక్ కొండ కింద

అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగంలో ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలలోకి విస్తరించిన నవాహో నేషన్ సుమారు 70,000 చదరపు కిలోమీటర్ల స్వపరిపాలన ప్రాంతం. అక్కడి ప్రజలు తమను ‘దినే’ అని, తమ భాషను ‘దినే బిజాద్’ అని చెప్పుకొంటారు. ఫీనిక్స్, లాస్ ఏంజెలిస్ నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గ్రాండ్ కాన్యన్ చూడడానికి వచ్చి, పనిలో పనిగా ఆంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ కూడా చుట్టి వెళ్తాయి. ఆ రెండూ నవాహో నేల మీదివే. అయితే రాజధాని విండోరాక్ ఆ దారికి చాలా తూర్పున, న్యూమెక్సికో సరిహద్దును ఆనుకొని ఉండడం వల్ల అక్కడిదాకా వచ్చే తెలుగువారు అరుదు. రెండో ప్రపంచయుద్ధంలో తమ మాతృభాషనే రహస్యలిపిగా మలచిన సైనికులకు వారి సొంత జనం ఎలాంటి గౌరవం ఇచ్చుకొన్నారో చూడాలనుకొనే యాత్రికుడికి మాత్రం ఈ ప్రయాణంలో తప్పనిసరిగా చూడవలసిన చోటు విండోరాక్.

పశ్చిమం నుంచి వచ్చేవారికి ఆ సైనికుల ఆనవాలు దారిలో కనిపించే చోట్లలో ఒకటి కయెంటా ఊళ్లోని బర్గర్ కింగ్ హోటల్. కింగ్ మైక్ అనే కోడ్‌టాకర్, అంటే యుద్ధంలో సంకేతభాషలో సందేశాలు పంపిన సైనికుడు, పసిఫిక్ యుద్ధభూమి నుంచి తెచ్చుకొన్న జపాను సైనికుల వస్తువులు, నాటి ఫొటోలు అక్కడ అద్దాల బీరువాలలో ఉన్నాయి. ఒకవైపు నూనెలో వేగుతున్న బంగాళాదుంపల వాసన, ఇంకోవైపు ట్రేలు పట్టుకొని బల్లల కోసం వెతుక్కొనే పిల్లలు, వాటి మధ్యన ఒక ప్రపంచయుద్ధం. ఇది చరిత్రకు తగిన చోటు కాదని కొందరికి అనిపించవచ్చు గాని, మ్యూజియం గడప తొక్కని మనిషి కూడా ఇక్కడ ఆగి నాలుగు వాక్యాలు చదువుతాడు కాబట్టి ఈ ఏర్పాటును మెచ్చుకోవలసిందే.

కయెంటా నుంచి చిన్‌లీకి, అక్కడి నుంచి గనాడో మీదుగా విండోరాక్‌కు దారి ఎర్రటి కొండల మధ్య సాగుతుంది. వేసవిలో ఆరిజోనా గడియారం మారదు, నవాహో నేషన్‌లో గంట ముందుకు జరుగుతుంది, దాని నడుమ ఉన్న హోపీ తెగ ప్రాంతంలో మళ్లీ మారదు; సెల్‌ఫోన్ చూపే వేళను నమ్ముకొన్నవారు ఇక్కడ భోజనం వేళ దాటించుకోవడం మామూలే.

ఊరికి పేరు తెచ్చిన కొండ ఎర్ర ఇసుకరాతిది. దాని నడుమ గాలీవానా తొలిచిన పెద్ద గుండ్రని రంధ్రం, ఆ రంధ్రంలో నుంచి నీలాకాశం కనిపిస్తాయి. కొండ కింది ఊటనీటిని దినే వైద్యులు తమ క్రతువులకు తీసుకొనిపోయేవారు కాబట్టి అది వారికి పవిత్రస్థలం. ఆ కొండ పాదంలోనే సైనికుల స్మారకవనం ఉన్నది. వృత్తాకారపు బాట, నాలుగు దిక్కుల గుర్తులు, బాయ్‌నెట్ ఆకారంలో వాలుగా నిలిపిన ఉక్కు స్తంభాలు, వాటి మీద యుద్ధాలలో పనిచేసిన నవాహోల పేర్లు, ఒక నీటిధార. ఇవే ఆ వనంలోని ముఖ్యాంశాలు. ఓర్లాండ్ జో మలచిన కోడ్‌టాకర్ కంచు విగ్రహం కూడా ఇక్కడే ఉన్నప్పటికీ, స్తంభాల మీది పేర్లు ఏ ఒక్క యుద్ధానికో, ఏ ఒక్క ఘనకార్యానికో పరిమితమైనవి కావు. ప్రపంచానికి తెలిసిన వీరులనూ, ఎవరూ చెప్పుకోని సిపాయిలనూ ఒకే వరుసలో నిలిపిన ఈ పద్ధతి యాత్రికుడికి ఏ రాజధానీ నగరపు స్మారకం కంటెను గొప్పగా తోచింది.

వనం పక్కనే 1930ల నాటి నవాహో సభాభవనం ఉన్నది. దినేల సంప్రదాయ గృహమైన హోగన్ ఆకారంలో, ఎనిమిది మూలలతో, ఎర్రరాతితో కట్టిన ఈ భవనం లోపలి గోడల మీద జెరాల్డ్ నైలర్ అనే నవాహో చిత్రకారుడు 1942-43లో తన జాతి చరిత్రను బొమ్మలుగా గీశాడు. సరిగ్గా ఆ కాలంలోనే ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, కాలిఫోర్నియా తీరపు శిబిరాలలో, నవాహో యువకులు తమ మాటలకు కొత్త అర్థాలు కట్టుకొంటున్నారు. అమెరికా యుద్ధంలో దిగక ముందే, 1940 జూన్‌లో, ఈ తెగ సభ దేశరక్షణకు తాము సిద్ధమని ఏకగ్రీవంగా తీర్మానించినది; అప్పటికి ఆరిజోనా, న్యూమెక్సికోలలో ఆ తీర్మానం చేసినవారికి ఓటు లేదు. 1948లో కోర్టు తీర్పులు వచ్చేదాకా రాలేదు.

సంకేతభాష ఆలోచన ఫిలిప్ జాన్‌స్టన్‌ది. మతప్రచారకుని కొడుకుగా నవాహోల మధ్య పెరిగి వారి భాష నేర్చిన ఈయన 1942 తొలి నెలలలో మెరైన్ దళాధికారులకు ఈ ప్రతిపాదన చేసి, ప్రయోగం చేసి చూపించాడు. ఆ ఏడాది మేలో 29 మంది యువకులు చేరారు. ఆలోచన జాన్‌స్టన్‌దైనా, సంకేతభాషను కట్టినది ఆ 29 మందే అన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. సైనిక పదాలకు వారు తమ చుట్టూ ఉన్న లోకం నుంచే పేర్లు ఎంచుకొన్నారు: ట్యాంకు తాబేలయింది, బాంబులు గుడ్లయ్యాయి, చేతిబాంబులు బంగాళాదుంపలయ్యాయి, జలాంతర్గామి ఇనుప చేప అయింది, అమెరికా ‘మన తల్లి’ అయింది. మొదట 211గా ఉన్న పదాలు యుద్ధం ముగిసేనాటికి 411 అయ్యాయి. పట్టికలో లేని పేరు వస్తే అక్షరం అక్షరం కూర్చేవారు. ఒక ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటను తీసుకొని, దానికి నవాహో మాటను పలికేవారు.

1945 ఫిబ్రవరిలో ఇవోజిమా దీవి మీద సురిబాచి కొండను మెరైన్లు పట్టుకొన్నప్పుడు ఆ కొండ పేరు రేడియోలో వెళ్లినది ఈ విధంగానే. గొర్రె, మేనమామ, పొట్టేలు, మంచుగడ్డ, ఎలుగుబంటి, చీమ, పిల్లి, గుర్రం, దురద అన్న తొమ్మిది నవాహో మాటలు వరుసగా పలికితే, అవతలివాడు వాటిని మనసులో ఇంగ్లీషులోకి మార్చుకొని, మొదటి అక్షరాలు ఏరి, కొండ పేరు రాసుకొన్నాడు. కాగితం మీద ఇది పిల్లల ఆట వలె కనిపిస్తుంది. ఫిరంగులు పేలుతుండగా, పట్టిక చూసుకొనే వీలు లేకుండా, మొత్తం కంఠస్థంగా చేయడం వేరు. ఇవోజిమాలో మొదటి రెండు రోజులు ఆరుగురు నవాహోలు రాత్రింబవళ్లు పనిచేసి, 800కు పైగా సందేశాలను ఒక్క పొరపాటు లేకుండా అందించారని అయిదో మెరైన్ డివిజన్ సమాచార విభాగాధికారి హోవర్డ్ కానర్ సాక్ష్యం చెప్పాడు.

భాష తెలిసినంత మాత్రాన ఈ సంకేతం విడదని చెప్పడానికి జో కియూమియా జీవితం ఒక్కటి చాలు. ఫిలిప్పీన్స్‌లో జపాన్‌కు పట్టుబడిన ఈ నవాహో సైనికుడిని సంకేతం విప్పమని చిత్రహింసలు పెట్టారు. అతడికి అన్ని మాటలూ తెలుసు, కాని గొర్రెకూ మేనమామకూ పొత్తేమిటో తెలియదు. ఆ హింసనూ, తరువాత నాగసాకి బాంబునూ తట్టుకొని అతడు ఇంటికి చేరాడు. 2002లో వచ్చిన ‘విండ్‌టాకర్స్’ సినిమా కథకు తెల్ల అంగరక్షకుడిని నాయకుడిగా నిలిపినది. కియూమియా వంటివారి కథ మీద ఎవరైనా సినిమా తీసి ఉంటే అది చూడదగినదిగా ఉండేది.

విండోరాక్‌లో భోజనమంటే రోడ్డు పక్క సంతే. గొర్రెమాంసం, బంగాళాదుంపలు, మొక్కజొన్న వేసి ఉడికించిన పులుసు ఉప్పు తప్ప మరే మసాలా ఎరుగదు. మొదటి గుటకకు చప్పగా తోచినా, మాంసపు అసలు రుచి నాలుకకు తెలిసే కొద్దీ మిరియాల డబ్బా వైపు పోయే చేయి ఆగిపోతుంది. దానితో పాటు ఫ్రైబ్రెడ్ ఇస్తారు. పూరీకి పెద్దన్న వంటి ఆ రొట్టె బయట కరకరలాడుతూ, లోపల మెత్తగా, అరచేతులతో సాగదీసిన వంకరటింకర ఆకారంలో ఉంటుంది. వడ్డించే పెద్దావిడ ‘యాతేహ్’ అని పలకరించి, రెండో గరిటె అడగకుండానే వేసినది. ఈ రొట్టె పుట్టుక మాత్రం సంతోషకరమైనది కాదు. 1863-64లో కిట్ కార్సన్ నాయకత్వంలో అమెరికా సైన్యం దినేల పొలాలనూ మందలనూ నాశనం చేసి, 8,000 మందికి పైగా జనాన్ని వందల కిలోమీటర్లు నడిపించి బోస్క్ రెడోండో అనే నిర్బంధ శిబిరానికి తోలినది. దీనిని ‘లాంగ్ వాక్’ అంటారు. అక్కడ రేషనుగా ఇచ్చిన పిండి, కొవ్వులతోనే ఆ రొట్టె పుట్టినదని చెబుతారు. 1868 ఒప్పందంతోగాని వారు సొంత నేలకు తిరిగి రాలేదు.

అదే ప్రభుత్వం తరువాతి తరాల పిల్లలను బోర్డింగు బడులలో చేర్చి, నవాహో మాట్లాడితే శిక్షించినది. మొదటి 29 మందిలో ఒకరైన చెస్టర్ నెజ్ నోటిని చిన్ననాట ఇందుకే సబ్బుతో కడిగారు. ఆ ఇంగ్లీషు పేరు కూడా బడి పెట్టినదే. ఏ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నారో, ఆ భాష కోసమే సైన్యం వారిని వెతుక్కొంటూ రావడం కాకతాళీయం కాదు. బయటివారికి అది తెలియకుండా పోవడానికి ఉన్న కారణాలలో ఆ తిరస్కారం కూడా ఒకటి. యుద్ధం ముగిశాక నోరు విప్పవద్దన్నారు. 1968లో రహస్యపు ముద్ర తొలగించేదాకా చాలామంది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. నెజ్‌కు పీడకలల రూపంలో యుద్ధం వెంటాడగా, శత్రువు నీడను వదిలించే ‘ఎనిమీ వే’ అనే క్రతువు జరిపించుకొన్నాడు. పతకాలకు చాలా ముందుగా, సొంత జనం అతడికి ఇచ్చిన మొదటి ఆదరణ అదే.

అధికారిక గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1982లో అధ్యక్షుడు రీగన్ ఆగస్టు 14ను వారి దినంగా ప్రకటించాడు. 2001 జూలైలో మొదటి 29 మందికి కాంగ్రెస్ బంగారు పతకాలు ఇచ్చే వేళకు అయిదుగురే బతికున్నారు. వారిలో చివరివాడైన నెజ్ 2014లో కన్నుమూశాడు. 2025 మార్చిలో అమెరికా సైనిక వెబ్‌సైట్ల నుంచి కోడ్‌టాకర్ల గురించిన పేజీలు కొన్ని మాయమై, నిరసన వచ్చాక తిరిగి కనిపించాయి. కోడ్‌టాకర్లు ఉత్సవాలకు వచ్చేటప్పుడు ధరించే దుస్తులను చూస్తే, ఎవరి గౌరవాన్ని వారు ముందు కోరుకొన్నారో తెలుస్తుంది: మెరైన్ల గుర్తుగా ఎర్రటోపీ, పవిత్రమైన మొక్కజొన్న పుప్పొడి గుర్తుగా పసుపు చొక్కా, నేలతల్లి గుర్తుగా గోధుమరంగు ప్యాంటు, పవిత్ర పర్వతాల గుర్తుగా నల్లబూట్లు, మెడలో వెండి, నీలిరాళ్ల హారాలు.

విండోరాక్‌కు కొద్ది దూరంలో ఉత్తరాన ఫోర్ట్ డిఫయన్స్ అనే ఊరు ఉన్నది. కార్సన్ దాడులు సాగినది ఇక్కడి కోట నుంచే. 1942లో మెరైన్ల ఎంపికదళం యువకుల కోసం వచ్చిన బడులలో ఒకటి కూడా ఈ ఊరిదే. 2006-10 నాటి సర్వే ప్రకారం నవాహో మాట్లాడేవారు సుమారు 1,69,000 మంది ఉన్నప్పటికీ, సంత బల్లల దగ్గర అమ్మమ్మ నవాహోలో అడిగితే మనవడు ఇంగ్లీషులో బదులు చెప్పడం తరచుగా వినిపిస్తుంది. ఫోర్ట్ డిఫయన్స్‌లో ఇప్పుడు నవాహో మాధ్యమంలో నడిచే ఒక ప్రభుత్వ బడి ఉన్నది. అక్కడ కింది తరగతుల పిల్లలకు అక్షరాలూ అంకెలూ అన్నీ నవాహోలోనే చెబుతారు. ఇంగ్లీషు పై తరగతులలో క్రమంగా కలుస్తుంది.