కొలత తీయకుండా కత్తెర

మా నాన్నగారు పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక ఇరుకు దుకాణంలో ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కారు. అన్నయ్యకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చిన రోజున, "ఇక మన ఇంట్లో సూది పట్టేవాళ్ళుండరు" అని పొంగిపోయారు. ఆ మాట ఒక తరం మాత్రమే నిలిచింది. అన్నయ్య కూతురు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైనింగు చదివింది. తాతగారి కత్తెర ఇప్పటికీ దాని బల్ల మీదే ఉంటుంది.

2025 నాగుల చవితికి గాజువాకలో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. పుట్టలో పాలు పోసి వచ్చి భోజనాలకు కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. అమ్మాయి లండనులో ఏడాది పై చదువుకు వెళ్తానంటోంది. ముప్పయి లక్షలు కావాలి. పదవీ విరమణ సొమ్ముతో కట్టుకొన్న ఈ ఇల్లే బ్యాంకుకు హామీ.

"ఒరే తమ్ముడూ, చదువవగానే ఎంత జీతం వస్తుందో నువ్వు చెప్పు. నీ మాట మీద సంతకం పెడతాను" అన్నాడు అన్నయ్య. ఇంతకంటే బరువైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

అన్నయ్య అప్పటికే ఒక అంకె పట్టుకొని ఉన్నాడు. అమెరికా కార్మిక శాఖ 2024 మే నాటి లెక్కల్లో ఫ్యాషన్ డిజైనర్ల మధ్యస్థ వేతనం ఏడాదికి ఎనభై వేల డాలర్ల పైచిలుకు. ఎవరో చెప్పారట. నిజమే, కానీ అది ఇరవయ్యేళ్ళుగా అదే పనిలో ఉన్నవారినీ నిన్న చేరినవారినీ ఒకే వరుసలో నిలబెట్టి, నడిమి మనిషిని చూపించే అంకె. నిన్న చేరిన పిల్ల ఆ వరుసలో ఎక్కడో చివర ఉంటుంది. పైగా మనం వెళ్ళేది అమెరికాకు కాదు, ఇంగ్లండుకు.

పాత క్యాలెండరు కాగితం తిరగేసి, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. అమ్మాయి నా పక్కన చేరింది.

ఇంగ్లండులో 2025 ఏప్రిల్ నుంచి అమలైన లెక్క ప్రకారం ఇరవయ్యొకటి నిండినవారికి కనీస వేతనం అప్పట్లో గంటకు 12.21 పౌండ్లు ఉండేది. వారానికి ముప్పయ్యేడున్నర గంటలు పనిచేస్తే ఏడాదికి సుమారు 23,800 పౌండ్లు. కొత్తగా చేరే డిజైను సహాయకురాలికి మొదటి జీతం దీనికి మరీ పైన ఉంటుందని ఆశపడలేము. ఆ కుర్చీ కోసం అక్కడి పిల్లలే బారులు తీరి ఉంటారు.

"పౌండుకు నూట పదిహేను వేసుకో" అన్నాడు అన్నయ్య. వేశాను. ఇరవయ్యేడు లక్షల పైచిలుకు. వదినగారి ముఖం వెలిగింది.

"ఇంకా కాలేదు" అన్నాను. పన్నూ, జాతీయ బీమా పోగా చేతికి వచ్చేది నెలకు 1,720 పౌండ్లు. లండనులో ఉండడానికి నెలకు 1,483 పౌండ్లు ఉన్నట్టు చూపించమని అప్పట్లో ఆ ప్రభుత్వమే విద్యార్థి వీసాకు అడిగేది. అంత పొదుపుగా బ్రతికినా మిగిలేది సుమారు 240 పౌండ్లు. అంటే ఇరవయ్యేడు వేల రూపాయలు. పదకొండు శాతం వడ్డీకి పదేళ్ళ అప్పు తీసుకొంటే నెల వాయిదా నలభయ్యొక్క వేలు దాటుతుంది.

ఇరవయ్యేడు లక్షలు ఇరవయ్యేడు వేలు కావడానికి అరకాగితం కూడా పట్టలేదు. సంపాదనను రూపాయల్లోకి మార్చినవాళ్ళం, ఖర్చును మార్చడం మరచిపోతున్నాం. మన ఊళ్ళో నూటికి తొంభైమంది చేసే పొరపాటు ఇదే కాబోలు.

వీసా సంగతి ఇంకొకటి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ళ గడువు ఇస్తున్నారు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి అది పద్దెనిమిది నెలలే. అటుపైన నైపుణ్య ఉద్యోగ వీసా కావాలంటే 2025 జులైలో పెట్టిన నియమం ప్రకారం మామూలుగా 41,700 పౌండ్లు, వృత్తిలో కొత్తవారికైనా కనీసం 33,400 పౌండ్ల జీతం ఉండాలి. మొదటి జీతానికీ దీనికీ మధ్య తొమ్మిది వేల పౌండ్లకు పైగా అగాధం. చదువులో భాగంగా ఏడాది లోపు చేసే శిక్షణకైతే కనీస వేతన చట్టం కూడా వర్తించదు.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే నేను వెళ్ళకూడదా, చిన్నాన్నా?" అంది.

ఆ ప్రశ్నకు నా పెన్సిలు దగ్గర జవాబు లేదు. నాన్నగారి దగ్గర ఉందేమోనని వెతుక్కున్నాను. గుడ్డ ఎంత ఖరీదైనదైతే ఆయన అంత ఆలస్యంగా కత్తెర పట్టేవారు. కొలత తీసి, సుద్దతో గీసి, మళ్ళీ కొలిచేవారు.

"వెళ్ళాలి. కానీ వాళ్ళు బేరమాడలేని పని ఒకటి నేర్చుకొని వెళ్ళు" అన్నాను. బొమ్మలు గీసేవారు వాళ్ళకు కొల్లలు. కాగితం మీది బొమ్మ కుట్టుబల్ల మీద ఎక్కడ చెడుతుందో, ఒక చొక్కాకు ఎన్ని నిమిషాల కూలి పడుతుందో, ఉతికితే ఏ గుడ్డ ఎంత ముడుచుకొంటుందో తెలిసినవారు తక్కువ. అది నేర్చుకొనే చోటు మనకు గంట ప్రయాణంలోనే ఉంది. అచ్యుతాపురం దగ్గర శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ నెలకొల్పిన వేయి ఎకరాల దుస్తుల నగరానికి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో పనికి వెళ్తుంటారు. విదేశీ దుకాణాల్లో వ్రేలాడే బట్టలు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళేవే.

అమ్మాయి ఇప్పుడు ఆ ప్రాంతంలోనే ఒక కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేస్తోంది. జీతం చెప్పుకోదగ్గది కాదు. రెండేళ్ళు చేసి, కొంత కూడబెట్టి, ఉపకారవేతనం దొరికితే వెళ్తానంటోంది. అన్నయ్య సంతకం పెట్టలేదు, ఇల్లు హామీకి పోలేదు.

అయినా నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. రెక్కలొచ్చిన పిల్లకు నేను చెప్పింది లెక్కేనా, లేక నా తరం భయమా? నాన్నగారు ఎంత కొలిచినా చివరికి కత్తెర వేసేవారు కదా. మొన్న కలిసినప్పుడు ఆ మాటే అన్నాను. అది నవ్వి, "ఇంకా సుద్దతో గీస్తున్నాను, చిన్నాన్నా" అంది.