పది తర్వాత దారి ఒక్కటే కాదు

పది ఫలితాలు వచ్చినప్పటి నుంచీ మా మట్టెవాడలో ఎవరు కలిసినా ఒకటే మాట: "మీ పిలగాన్ని ఏ కాలేజీల ఏసిండ్రు?" ఏం చదువుతానంటున్నాడని మాత్రం అడగరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

ఇంటర్ బదులు పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేస్తే, ఈసెట్ ర్యాంకుతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్, బీటెక్ కలిపితే ఆరేళ్లు. ఇక్కడా ఆరే. పైగా మధ్యలో డిప్లొమా చేతికొస్తుంది, ఇంట్లో కష్టమొస్తే దాంతోనే ఉద్యోగం వెతుక్కోవచ్చు. ప్రభుత్వ పాలిటెక్నిక్ మన వరంగల్‌లోనే ఉంది కదా! అయితే పాలిసెట్ దరఖాస్తులు పది ఫలితాల కంటే ముందే మొదలవుతాయి. అందుకే వచ్చే ఏడాది పది రాసే పిల్లల అమ్మానాన్నలు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

బాసర ట్రిపుల్ ఐటీ ఇంకో దారి. అక్కడ పదో తరగతి మార్కుల మీదే సీటు.

ఇక ఇంటర్‌లో సీఈసీ అనగానే చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు. ఆ పిల్లలు లాసెట్ రాసి ఐదేళ్ల లా చదవొచ్చు, సీఏ ఫౌండేషన్‌కూ వెళ్లొచ్చు.

పది తప్పిన పిల్లల్ని దయచేసి తిట్టకండి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరతారు. ఎప్పుడో బడి మానేసిన అక్కాచెల్లెళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. పదీ, ఇంటరూ రెండూ అక్కడ పూర్తిచేయొచ్చు.

మన వాడలో ఎవరికైనా దరఖాస్తు నింపడం తెలియకపోతే మెమో, ఆధార్ పట్టుకుని సాయంత్రం మా ఇంటికి రండి. కూర్చుని నింపుదాం.