హోసూరు ఏ వర్గం?

వార్తలు చదివే సాఫ్ట్‌వేరు ఒకటి మా మనవరాలు నా ఫోనులో వేసిపెట్టింది. "తాతా, భాష?" అంది. తెలుగన్నాను. "రాష్ట్రం?" ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, రెండే ఉన్నాయి. మాది హోసూరు. తమిళనాడు కావాలంటే ముందు భాష మార్చుకోవాలట. 1956లో రాష్ట్రాలు పంచినవాళ్లయినా మమ్మల్ని ఇలా అడగలేదు.

పోనీ, వర్గాలు వదిలేసి వెతికి చూద్దామనుకున్నాను. 'హోసూరు' అంటే కొన్ని వార్తలు వచ్చాయి. 'హొసూరు' అంటే వేరేవి, 'హోసూర్' అంటే మరికొన్ని. దానికి ఊరు తెలీదు, అక్షరాలే తెలుసు. దీర్ఘం పోతే ఊరే పోతుంది. తమిళంలోనైతే ఆ 'హ' కూడా లేదు, ఓసూరే!

నేను వెతికేది సినిమా కబుర్ల కోసం కాదు. 2006 నాటి చట్టంతో ఇక్కడి బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేశారు. మైనారిటీ భాషల పిల్లల మినహాయింపు సంగతి కోర్టుల్లో నలిగింది. మనవరాలు వచ్చే ఏడు పదికి వస్తుంది. ఆ వార్త తమిళంలో 'విద్య' కింద పడుతుంది. తెలుగులో వస్తే గిస్తే 'జాతీయం'. అందులో మా ఊరి పేరు ఉండదు, ఊరి పేరుతో వెతికేవాడికి చిక్కదు.

అందుకని మనవరాలి నోటుపుస్తకంలో వెతకాల్సిన మాటలు రాయిస్తున్నాను. నిన్న 'భాషాపర అల్పసంఖ్యాకులు' అని చెప్పాను. కలం ఆపింది.

"తాతా, అంటే మనమేనా?"

"మనమేనమ్మా. రాసుకో."