జానెడు మట్టి

మా ఊరివాళ్ళ లెక్కలో భూమి రెండే రకాలు: పల్లం, గరువు. పల్లంలో వరి పండుతుంది గనుక పల్లం ఉన్నవాడికి పిల్లనిస్తారు. గరువు ఉన్నవాడికి నాలుగు ఇళ్ళలో వాకబు చేసిగాని ఇవ్వరు. అన్నదమ్ముల పంపకాల్లో మా తాతగారి వంతుకు వచ్చింది గరువే. విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్ళే దారిలో, గరివిడి ఇంకా రాకముందే, ఒక కొండ వాలు మెల్లగా నేలకు దిగే చోట మూడెకరాల చిల్లర.

నాకు పదేళ్ళ వయసులో, వేసవి సెలవుల్లో, తాతయ్య అందులో మామిడి అంట్లు వేయడానికి గోతులు తవ్వించారు. గునపం నాలుగు పోట్ల వరకు సుఖంగానే దిగింది. అయిదో పోటుకు ఖంగుమని మోగింది. పక్కకు జరిగి తవ్వారు, అక్కడా అంతే. జానెడు, మరీ దయ తలచిన చోట మూరెడు. ఆ పైన గునపానికి దారి లేదు. తవ్వుతున్న ముసలాయన చెమట తుడుచుకుని, “ఎముక తగిలీసింది బాబూ, ఇంకేటి తవ్వుతాం?” అన్నాడు. భూమికి ఎముకలుంటాయని నాకు తెలిసింది ఆ రోజే.

ఆ ఎముక పేరు తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశా కొండల్లో నివసించే ఖోండుల పేరు మీద దానికి ఖొండలైట్ అని నామకరణం చేశాడట. కోణార్క ఆలయంలో అధికభాగం ఆ రాతితో కట్టిందే. ఆ శిల్పాల ముఖాలు గాలికీ వానకూ ఎలా అరిగిపోయాయో చూసినవారికి మా గరువు కథ సగం చెప్పినట్టే. పేర్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి: మా ప్రాంతపు కోడూరు మాంగనీసు గని పేరున ‘కోడురైట్’ అని మరో రాతిపేరు కూడా ఉంది. ఊరికి బస్సు సరిగా లేకపోయినా ప్రపంచ శిలాశాస్త్ర గ్రంథాల్లో చోటు ఉండడం మా వైపు వాళ్ళకే చెల్లింది!

మా జిల్లాలో అసలైన ఇసుకరాయి కనబడదు. అయితే అది వేషం మార్చుకుని ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఈ కొండలు ఒకనాడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురద, ఇసుక. దాదాపు వంద కోట్ల ఏళ్ళ క్రితం, భూగర్భపు వేడిలో, ఒత్తిడిలో ఆ బురద ఖొండలైట్‌గా మారింది. ఇసుకరాయి క్వార్ట్‌జైట్‌గా మారింది. చిన్నప్పుడు మేము పలుగురాళ్ళని ఏరుకుని, చీకట్లో ఒకదానితో ఒకటి రాపాడించి మెరుపులు చూసిన తెల్లరాళ్ళలో కొన్నయినా ఆ పాత ఇసుకరాతి ముక్కలే అయివుంటాయి.

ఇసుక నుంచి పుట్టిన రాయి మళ్ళీ ఇసుకే అవుతుంది. ఖొండలైట్‌లో ఉండే గార్నెట్, అంటే మన గోమేధికానికి దాయాది, పాడైనప్పుడు దానిలోని ఇనుము తుప్పు పట్టి మట్టికి ఆ ఎర్రదనం ఇస్తుంది. పలుగు మాత్రం కరగదు, చివికిపోదు. గరుకుగా అలాగే మిగులుతుంది. బంకమట్టి తక్కువ. ఆకు, అలము కుళ్ళిన సారం మరీ తక్కువ. ఉన్న కాస్త సన్నమట్టిని ప్రతి వానా గెడ్డలోకి, గెడ్డ సముద్రంలోకి మోసుకుపోతాయి. భీమిలి, కళింగపట్నం తీరాల్లో తెల్లని ఇసుక మీద నల్లగా, ముదురు ఎరుపుగా చారలు కనిపిస్తాయి చూడండి. ఆ ఎర్రరేణువులు గార్నెట్లే. మా కొండలు అలా రేణువు రేణువుగా సముద్రానికి వలస వెళ్తున్నాయి, మా మనుషులు విశాఖకూ చెన్నైకీ వెళ్ళినట్టే.

“మనకు వాన తక్కువ కాదురా, దాచుకునే కుండ చిన్నది” అనేవారు తాతయ్య. ఆ మాటలోని లెక్క నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. మా వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా వాన పడుతుంది. రాయలసీమతో పోలిస్తే అది భాగ్యమే. కానీ ఇలాంటి గరుకుమట్టి ఒక మీటరు లోతు ఉంటే, మొక్కకు అందేలా పట్టి ఉంచే నీరు సుమారు పది సెంటీమీటర్లు. మా గరువు లోతు ముప్ఫయి సెంటీమీటర్లు అనుకుంటే మూడు సెంటీమీటర్లే. ఎండకాసే రోజున పైరు తాగేది అయిదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆరు రోజులు. “వారం ఎండ కాస్తే గంటె మొవ్వు వాడిపోద్ది” అని తాతయ్య చెప్పిన వారానికీ, నా కాగితం మీది ఆరు రోజులకూ తేడా ఒక్కరోజు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు.

అందుకే ఆయన ఆ నేలలో వేసినవన్నీ తక్కువ అడిగే పైర్లే. గంటెలు, చోళ్ళు, నువ్వులు, గోగు. వానలు వెనకబడుతుంటే ఉలవలు. గట్టు పైన, కొండ మొదట్లో అడవి తన దారిన తాను ఉండేది. బిల్లుడు, తునికి, మోదుగ, పరికి కంపలు, కొండ ఈత. ఆ చెట్లు ఎత్తు పెరగవు, ఎండాకాలం ఆకు రాల్చి పొదుపు చేస్తాయి. రాతి పగుళ్ళలోకి వేళ్ళు దూర్చుకుని అక్కడి చెమ్మ వెతుక్కుంటాయి. మేము పెట్టిన మామిళ్ళకు ఆ విద్య రాలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏడు చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. ఆ వేళ్ళ అడుగుభాగం కంచంలా చదునుగా ఉంది. ముప్ఫయి ఏళ్ళుగా అవి కిందికి దిగలేక పక్కలకు పాకాయన్నమాట. బిల్లుడు చెట్లకు కొమ్మలు విరిగాయి గాని ఒక్కటీ కూలలేదు.

తరువాత ఒకసారి తిరుమల వెళ్తూ శేషాచలం కొండలు చూశాను. అవి నిజంగా ఇసుకరాతి వంశంవే, అక్కడా క్వార్ట్‌జైటే. అక్కడా జానెడు మట్టే. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఆ కడప, చిత్తూరు, నెల్లూరు వైపు రాళ్ళ మధ్యనే పెరుగుతుంది. కారులో పక్కవాళ్ళు గోవిందనామాలు చెబుతుంటే నేను కిటికీలోంచి మట్టి మందం కొలుస్తూ కూర్చున్నాను.

ఇంతవరకు ఎందుకు చెప్పానంటే, ఇక చెప్పవలసింది చెప్పడానికి మొహం చెల్లక.

నాన్నగారు పోయిన ఏడాది ఒక మనిషి ఇంటికి వచ్చాడు. ఎక్కడో లేఅవుటు వేస్తున్నారు, మెరక చేయడానికి గ్రావెల్ కావాలి. గరువు పైవైపు ఎకరం “ఊరికే చదును చేసి ఇస్తాం” అన్నాడు, ట్రాక్టరు ఒక్కింటికి ఇంత అని లెక్క చెప్పాడు. ఆసుపత్రి అప్పులు ఉన్నాయి. చిన్నాన్న మాత్రం, “వద్దురా నాయినా, పైమట్టి పోతే మరేటీ ఉండదు” అన్నారు. పండనిదాని మీద ఇంత మమకారమేమిటని నేను విసుక్కున్నాను. కాగితం మీద సంతకం పెట్టింది నేనే. పొక్లెయిన్‌కు తొమ్మిది రోజులు పట్టింది. జానెడు మట్టినీ, దాని కింద చివికి మెత్తబడిన రాతినీ కలిపి ఎత్తుకుపోయింది. ఒక అంగుళం మట్టి కావడానికి వందల ఏళ్ళు పడుతుందని నాకు అప్పటికే తెలుసు. తెలిసే చేశాను.

అప్పు తీరింది. మరుసటి జూన్‌లో వెళ్ళి చూస్తే అక్కడ వాననీరు ఇంకడం లేదు. సిమెంటు గచ్చు మీద పారినట్టు పారి, కింది ఎకరాన్ని కూడా కోసుకుపోతోంది. ఉలవలు చల్లితే నాలుగు ఆకులు వేసి పసుపెక్కాయి. బోద గడ్డి కూడా అంచుల్లోనే ఆగిపోయింది.

చిన్నాన్న నన్నేమీ అనలేదు. పొలంలో ఏరిన రాళ్ళతో వాలుకు అడ్డంగా మోకాలెత్తు గట్టు ఒకటి పేర్చుకుంటూ పోయారు, రోజుకు కొంచెం. దాని వెనక జీడిమామిడి ఆకులు, గోగు మోళ్ళు తెచ్చి పోశారు. నాలుగేళ్ళయింది. మొన్న వానల తరువాత వెళ్ళినప్పుడు నన్ను ఆ గట్టు దగ్గరకు తీసుకెళ్ళి, వంగి, చూపుడు వేలు మట్టిలోకి గుచ్చి చూపించారు. రెండు కణుపుల దాకా దిగింది.

“ఇది కొత్తగా పుట్టిన మట్టి కాదు చిన్నాన్నా, పైన కొండ మీద నుంచి కొట్టుకొచ్చింది” అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం చెప్పకపోతే ఎలా!

“ఎక్కడిదైతే ఏటిరా, ఆగింది గదా” అని వేలు లుంగీకి తుడుచుకుని, గట్టు మీద నుంచి జారిపోయిన రాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.