రెండుసార్లు కృష్ణ దాటి

పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కాం, నేనూ మా ఆవిడా. బ్రిడ్జి మీదికి రాగానే ఆవిడ కిటికీలోంచి రూపాయి బిళ్ల కృష్ణలో వేసి దండం పెట్టుకుంది. నా ఒళ్లో సీటీ స్కాన్ కవరు.

"స్టెంటా, బైపాసా?" ఎదురు సీటు పెద్దాయన అడిగాడు. రెండూ కాదండీ అన్నాను. గుండెలోంచి పైకి లేచే బృహద్ధమని ఉబ్బింది. మూడున్నర సెంటీమీటర్లు ఉండాల్సింది 5.6 అయింది. నొప్పి లేదు, ఆయాసం లేదు. "మరి ఏ బాధా లేకుండా కోత దేనికండీ?" అన్నాడాయన. మూడు నెలలుగా నాదీ అదే ప్రశ్న.

చెన్నైలో సర్జన్ గారు తేల్చి చెప్పారు. "5.5 దాటాక, కోతకన్నా ఊరుకోవడమే ప్రమాదం. ముందుగా చేయించుకుంటే నూటికి తొంభై అయిదుగురికి పైగా బయటపడతారు. గోడ చీలాక చాలామంది మా దాకా రానే రారు." కోత వల్ల రాగల పక్షవాతం, రక్తస్రావం, కిడ్నీలు దెబ్బతినడం... ఏదీ దాచలేదు. ఉబ్బిన భాగం తీసి దాని చోట కుట్టే డేక్రాన్ గొట్టం ముక్క చేతికిచ్చారు. తెల్లగా, ముడతలు ముడతలుగా, వాషింగ్ మిషన్ పైపులా ఉంది. 1950లలో ఇలాంటి గొట్టాన్ని భార్య కుట్టుమిషన్ మీద కుట్టిన అమెరికా సర్జన్ డెబేకీకి 97 ఏళ్ల వయసులో, 2005లో, ఇదే ధమని చీలింది. సహచరులు ఆపరేషన్ చేసి బతికించారట.

ఆపరేషనయ్యాక కళ్లు తెరిచేసరికి గొంతులో ట్యూబు. "కాళ్లూ చేతులూ కదపండి" అంది నర్సమ్మ. కదిలాయి. అద్దం అవతల మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. మూడోనాడు గుండె లయ తప్పి, మందులతో దారికొచ్చింది. దగ్గొస్తే దిండు ఎదకు అదుముకోవడమే.

మూడు వారాలకు అదే రైల్లో, అదే దిండుతో తిరుగు ప్రయాణం. రాత్రి కృష్ణ మీద మా ఆవిడ పర్సులో బిళ్ల వెతికేలోగా బ్రిడ్జి దాటేశాం.

ఆ ధమని మొదట్లో ఉండే నా వాల్వుకు మూడు రెక్కలకు బదులు పుట్టుకతో రెండే ఉన్నాయి. బాగానే పనిచేస్తోందని దాన్ని ముట్టుకోలేదు. కానీ ఈ వాల్వు లోపం, ధమని ఉబ్బు రక్తసంబంధీకుల్లోనూ ఉండొచ్చని, వాళ్లకు ఎకో తీయించమని చెప్పారు. తమ్ముడికి తీయిస్తే ధమని 4.2 సెంటీమీటర్లు వచ్చింది. వాడికిప్పుడు కోత అక్కర్లేదు. బీపీ మాత్రలు, ఏటా ఒక స్కాను చాలు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే మిగతావాళ్లూ ఒక్కసారి ఎకో తీయించుకోండి.