ఉప్పుగాలిలో ఫోర్ బై ఫోర్ బేరం

బరంపురం నుంచి భువనేశ్వర్ దారి పట్టి, ఛత్రపురం దాటి, ఋషికుల్య వంతెన దిగితే గంజాం ఊరు. ఇంకాస్త ముందుకు పోతే హుమ్మ. రంభకో చిలికాకో పోయే యాత్రికులు ఇక్కడ ఆగరు. ఆగేవి ఉప్పు లారీలు. రోడ్డుకు తూర్పున కనుచూపు మేర ఉప్పు మడులు, గట్ల మీద తెల్లటి రాశులు, వాటి మీద కప్పిన తాటాకులు. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ కాలపు తెలుగు ఈ తీరంలో ఇంకా చాలా ఇళ్లల్లో వినిపిస్తూనే ఉంది.

మేం వెళ్లింది ఉప్పు కోసం కాదు, పాత బండి కోసం. మా బావమరిదిది బరంపురం. సెలవు దొరికితే కొండల్లోకి పోవాలంటాడు. తప్తపాణి ఘాట్, చంద్రగిరి, దరింగ్‌బాడి, మహేంద్రగిరి, వీలైతే కొరాపుట్ దాకా వెళ్లి దేవమాలి. తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచే అతని ప్రయాణం మొదలవ్వాలి, రాత్రి బండిలోనే పడుకోవాలి. విదేశాల్లో ఇలాంటి పనికి నాలుగు చక్రాలూ లాగే వ్యానులే దొరుకుతాయి. మన మార్కెట్లో అలాంటి వ్యాను కొందామంటే లేదు. ఓమ్నీ, ఈకో, టెంపో ట్రావెలర్ అన్నీ వెనక చక్రాల బళ్లే. మన దగ్గర దీనికి పనికొచ్చేది ఫోర్ బై ఫోర్ పికప్పు. ముందు అయిదుగురు కూర్చుంటారు, వెనక తొట్టిలో పడక, పైన కప్పు అమర్చుకోవచ్చు.

మన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ మంచి బండే. దాని శక్తికి, నడకకు వంక పెట్టలేను. కానీ మోహనలోనో ఆర్.ఉదయగిరిలోనో ఒక సీలు పోతే ఆ సీలు ఎక్కడ దొరుకుతుందన్నది నాకు ముఖ్యం. బొలెరో సామాను మాత్రం కొండ మీది సంత ఊళ్లలో కూడా దొరుకుతుంది. పాత బండి కొనేవాడు ఆ బండితో పాటు దాని మరమ్మతులను కూడా కొనుక్కుంటాడు. అందుకే బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదే చూద్దామని పట్టుబట్టాను.

హుమ్మ దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డు. మేస్త్రిది ఇచ్ఛాపురం వైపు. ఉప్పు లారీలు, ట్రాక్టర్లు, జీపులు బాగుచేస్తూ జీవితమంతా ఇక్కడే గడిపాడు. ఆయన దగ్గర అమ్మకానికి మూడు బళ్లు ఉన్నాయని తెలిసే వచ్చాం. రెండు క్యాంపర్లు, ఒక జిప్సీ.

మా బావమరిది చూపు మొదటి క్యాంపర్ మీద పడింది. దాని ముస్తాబు అలా ఉంది మరి. పైన క్యారియరు, దాని మీద వరసగా లైట్లు, కొత్త తెల్ల రంగు, తొట్టిలో ప్లైవుడ్ పెట్టె, దాని మీద రెగ్జిన్ కుట్టిన పరుపు. ఓడీ-07 నంబరు, అంటే ఈ గంజాం జిల్లా బండే. "బావా, పడకతో సహా తయారుగా ఉంది," అన్నాడు సంబరంగా. మేస్త్రి ఏమీ అనలేదు. పాత గోనెసంచి ఒకటి తెచ్చి బండి కింద పరిచాడు.

"రంగు సూసి కొనీకండి బాబూ. ముందు కిందకి దూరండి," అన్నాడు.

దూరాం. కింద కూడా అంతా నల్లగా నిగనిగలాడుతోంది, కొత్త పూత. మా బావమరిదికి అది ధైర్యం ఇచ్చింది, నాకు అనుమానం కలిగించింది. పదేళ్ల బండి కింద దుమ్ము ఉండాలి, గీతలు ఉండాలి, ఆయిల్ మరకలు ఉండాలి. అవేవీ కనబడకుండా తారు పూత ఒక్కటే ఉంటే, దాని కింద ఏముందో చూడకుండా పైసా ఇవ్వకూడదు. మేస్త్రి పదిహేడో నంబరు స్పానరు తీసుకుని ఛాసీ పొడవునా మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. ముందు వైపు ఠంగుమని మోగింది. తలుపుల కింద దాకా అదే మోత. వెనక కమాన్ కట్ట ఛాసీకి తగులుకునే చోటికి వచ్చేసరికి మోత చచ్చిపోయింది. స్క్రూ డ్రైవర్ ఆనించి నొక్కితే నల్ల పూత పొరగా లేచింది. దాని వెనక గోధుమ రంగు రేకలు, ఒకదాని మీద ఒకటి, వేలితో నలిపితే పొడి అయ్యేవి. ఇంకొంచెం నొక్కాడు. స్క్రూ డ్రైవర్ మొన లోపలికి దిగింది.

అది ఉప్పు పనిలో తిరిగిన బండి. ఈ తీరంలో ఇనుము ఎందుకిలా పోతుందో ఇక్కడ చెప్పుకోవాలి. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటితే నీళ్లు లాగేసుకుంటుంది. మడుల నుంచి వచ్చే ముతక ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది అంతకన్నా చాలా పొడి గాలిలోంచి కూడా తేమను పట్టేస్తుంది. కాబట్టి ఛాసీ సందుల్లో చేరిన ఉప్పు ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు. బండి కదలకుండా నిలబడి ఉన్నా లోపల తుప్పు పని చేస్తూనే ఉంటుంది. ఇంజన్ పోతే బోర్ చేయించవచ్చు, గేర్ బాక్స్ పోతే దింపి కట్టించవచ్చు. ఛాసీ పోయిన బండికి అతుకులు వేసి కొండ దారిలో నమ్ముకోవడం ప్రాణాలతో చెలగాటం. ఆ బండిలో పడుకునే నలుగురి బరువు, నీళ్ల బరువు, గతుకుల్లో పడే దెబ్బ అంతా ఆ కమాన్ కట్ట తగులుకున్న చోటే మోయాలి.

"దీన్ని ఎవులికి అమ్ముతారు మరి?" అని అడిగాను. సంత రోజుల్లో ఊళ్లో సామాను తోలుకోవడానికి అడిగేవాళ్లు ఉన్నారట. కొండకెళ్తామన్న వాళ్లకి మాత్రం తను చూపించకుండా ఇవ్వనన్నాడు. ఆ మాట మీద నాకు ఆయనంటే గౌరవం పెరిగింది.

జిప్సీ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు కానీ, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. 1985లో మార్కెట్లోకి వచ్చి, మూడు దశాబ్దాలకు పైగా సైన్యానికి, పోలీసులకు, అడవి శాఖలకు సేవ చేసిన బండి. తేలిక, బురదలో తేలిపోతుంది. ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి. ఆ హబ్బులు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి, అంటే ఏళ్లుగా ఎవరూ తిప్పలేదు. దాన్ని సరిచేయించవచ్చు. మాకు కుదరనిది స్థలం. వెనక కాళ్లు చాపుకుని పడుకునే చోటు లేదు. ఒంటరిగా టెంటు వేసుకునేవాడికి బంగారం, ఇద్దరు పిల్లలున్న మా బావమరిదికి ఇరుకు.

మూడోది షెడ్డు వెనక చింతచెట్టు కింద ఉంది. వెలిసిపోయిన బూడిద రంగు, కుడి తలుపు మీద పెద్ద సొట్ట, సీటు చిరిగింది. ఓడీ-20, గజపతి జిల్లా నంబరు. కొండల్లో రోడ్డు పనులు చేయించే కాంట్రాక్టరు వాడిన క్యాంపర్. మేస్త్రి స్పానరు ఛాసీ మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే మోత మోగింది. అడుగున ఎర్రమట్టి గట్టిపడి ఉంది. ఆ మట్టిని గీరితే ఫ్యాక్టరీ రంగు కనబడింది. బ్రేకు పైపులు, ట్యాంకు పట్టీలు, బ్యాటరీ కింది రేకు, అన్నిటినీ టార్చి వేసి చూశాం. అక్కడక్కడ తుప్పు లేకపోలేదు, కానీ పైపైనే.

తర్వాత వరద సంగతి. ఈ ప్రాంతంలో పాత బండి చూసేవాడు 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానును, 2018 అక్టోబరు తిత్లీని మరచిపోకూడదు. తిత్లీ వానలకు గజపతి, గంజాం జిల్లాల్లో వాగులు ఊళ్ల మీదికి వచ్చాయి. నీళ్లలో మునిగిన బండిని కడిగి ఆరబెట్టి అమ్మేయడం తేలిక. సీటు బెల్టు చివరి దాకా లాగి చూశాను. మునిగిన బండికి ఆ చివర బురద చార ఉంటుంది. కింద పట్టా ఎత్తి చూశాను. డ్యాష్‌బోర్డు కింద వైరు సాకెట్లు ఊడదీసి రాగి పచ్చబడిందేమో చూశాను. శుభ్రంగా ఉంది.

మేస్త్రి వెనక ఇరుసు హౌసింగ్, ముందు ఇరుసు హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేసు మూడింటి నుంచీ కాస్త కాస్త ఆయిల్ తీసి వేరువేరు మూతల్లో పోశాడు. వేడెక్కిన హౌసింగ్ వాగులో దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ గుండా, సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. వెనక హౌసింగ్ ఆయిల్ నల్లగా ఉన్నా చిక్కగా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసుదీ బాగుంది. ముందు హౌసింగ్ ఆయిల్ మాత్రం మజ్జిగలా తెల్లబడింది. అంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్ది చూశాం, ఇనప రజను తగల్లేదు. బేరింగులు ఇంకా బాగానే ఉన్నాయన్నమాట. "సీళ్లు మార్చీసి, రెండు పాలి ఆయిల్ మార్చితే సరిపోద్ది. కానీ ఇప్పుడే సెయ్యాలి," అన్నాడు మేస్త్రి.

పొద్దున్నే ఫోన్ చేసి బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచమన్నాను, కాబట్టి ఇంజన్ చల్లగానే ఉంది. బానెట్ మీద చెయ్యి వేసి చూసుకుని తాళం తిప్పాం. రెండో తిప్పుకే అందుకుంది. మొదట కాస్త నల్ల పొగ, తర్వాత లేదు. ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ కొంచెం ఉంది. ఈ వయసు డీజిలుకు అది సహజం. క్లచ్ బాగా పైకి పట్టుకుంటోంది, ప్లేటు మార్చాల్సిందే.

అసలు పరీక్ష ఉప్పు మడుల వైపు పోయే మట్టిదారిలో. ఫోర్ వీల్ పరీక్ష తారు రోడ్డు మీద చెయ్యకూడదు. ఈ రకం బళ్లలో ఫోర్ వీల్ కర్ర వేసిన తర్వాత ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో కట్టుబడి తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారడానికి వీలుండదు, ఆ మెలిక అంతా షాఫ్టులకు, పళ్ల చక్రాలకు చేరుతుంది. ఈ బండి చిన్న కర్ర హై లోకి సులువుగా పడింది. ఆపి, న్యూట్రల్ చేసి, లో వేశాం. ఇసుక మెత్తగా ఉన్న చోట మొదటి గేరులో, యాక్సిలరేటరు మీద కాలు తీసేసి వదిలితే, దానంతట అదే పాకుతూ పోయింది. గేరు కర్ర ఎగిరి బయటికి రాలేదు. మలుపులో ముందు చక్రం దగ్గర టకటక లేదు. గేరు వేసినప్పుడల్లా కింద ఒక దెబ్బ వినబడింది. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగాయి. వాటి ఖరీదు తక్కువ.

కొండలో కాంట్రాక్టరు ఈ కర్రను వాడాడు కాబట్టే అది పని చేస్తోంది. వాడని ఫోర్ వీల్ డ్రైవ్ బిగుసుకుపోతుంది. కొన్నాక కూడా నెలకోసారి మట్టి మీద కొంత దూరం అలా నడపాలి.

షెడ్డుకు తిరిగి రాగానే మేస్త్రి ఇంకేం మాట్లాడకుండా మోటారు వేసి మంచినీళ్ల పైపుతో అడుగంతా కడిగించాడు. కమాన్ కట్టల మధ్య, ఛాసీ రంధ్రాల్లోకి కూడా పైపు పెట్టించాడు. మడుల దారిలో పోయి వచ్చిన ఏ బండినైనా అలాగే చేస్తాడట. బరంపురంలో ఉండే మా బావమరిదికి అది చూపించి, గోపాల్‌పూర్ బీచి దాకా పోయి వచ్చినా ఇదే చెయ్యమన్నాను.

కాగితాలు ఓపికగా చూడాలి. క్యాంపర్ సరుకు రవాణా బండిగా రిజిస్టరవుతుంది, పసుపు బోర్డు. ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఫైనాన్సు ఉంటే ఫారం 35తో తీయించాలి, పేరు మార్పిడికి 29, 30. ఆంధ్రలోకి తెచ్చుకునేవాళ్లయితే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఇంకొకటి, పడక కోసం బండి రూపం మార్చేస్తామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని గట్టిగా చెప్పింది. తొట్టిలో ఎక్కించి దించుకునే పెట్టె సామాను కింద లెక్క. కప్పు కోసి, కిటికీలు పెట్టడం వేరే సంగతి. బండి కదులుతుండగా వెనక మనుషులు ఉండకూడదు, పిల్లలు అడిగినా సరే.

పడక ఎలా చేయించాలన్న దాని మీద దారంతా మాట్లాడుకున్నాం. బరువు పైకి పోకూడదని నా పట్టు. అరవై లీటర్ల నీళ్లంటే అరవై కిలోలు. అది ఇరుసుకు ముందు, అడుగున ఉండాలి. పైన క్యారియరు మీద దుప్పట్లు తప్ప ఏమీ వద్దు. ఘాట్ మలుపుల్లో తలబరువు బండి ఒరిగిపోతుంది.

బేరం మా బావమరిదే చేశాడు. సీళ్లు, ఆయిళ్లు, క్రాసులు, క్లచ్ ప్లేటు మేస్త్రి మార్చి ఇవ్వాలి, సొట్ట అలాగే ఉండొచ్చు. అడ్వాన్సు ఇచ్చి, మిగిలింది కాగితాలు పేరు మారాక అని రాయించుకున్నాం. తొలి ప్రయాణం తప్తపాణి ఘాట్ మీదుగా చంద్రగిరి దాకే, పెట్టె లేకుండా, తొట్టిలో నీళ్ల డబ్బాలు వేసుకుని. కమాన్లు ఎంత కిందికి దిగుతాయో, ముందు హౌసింగ్ ఆయిల్ మళ్లీ రంగు మారుతుందో లేదో చూసుకున్నాకే వడ్రంగిని పిలుద్దామంటే ఒప్పుకున్నాడు.