గిన్నె మీద పేరు

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో చాలావరకు కానుకలే. 1937లో జరిగిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలకి వచ్చిన వెండి భవనాల నమూనాలు, అత్తరుదానులు, పెట్టెలు. 2018 సెప్టెంబరులో ఒక రాత్రి వెంటిలేటర్ గుండా దిగిన దొంగలు అందులోంచి ఎత్తుకుపోయింది టిఫిన్ క్యారియర్! మూడు గిన్నెలది, రత్నాలు పొదిగిన బంగారం. దానికి తోడు కప్పు, సాసరు, చెంచా. కొద్దిరోజులకే దొరికిపోయారు. ఈలోపు ఒకడు అందులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. దొంగతనం తప్పే, కాదనను. కానీ అద్దాల బీరువాలో దర్జాగా కూర్చున్న క్యారియర్ చేత క్యారియర్ పని చేయించినవాడు వాడే.

మా గాంధీనగర్‌లో మ్యూజియం లేదు, అటకలున్నాయి. పాత ఇల్లు బిల్డరుకి ఇచ్చే ముందు అటక ఖాళీ చేయడం ఇక్కడ ప్రతి వీధిలోనూ జరిగే తంతు. ఇత్తడి పెద్దగా కనపడదు. బిందెలూ గంగాళాలూ ఎప్పుడో తూకానికి వెళ్లి స్టీలుగా తిరిగొచ్చాయి. వాటి వెనకే నవాసాగరం వాసనతో వీధి చివర కూర్చునే కళాయివాడూ వెళ్లిపోయాడు. దిగేదంతా స్టీలే. దాన్ని వెలుతురుకేసి తిప్పి చూడాలి. అంచు కింద, కొట్లో మిషనుతో కొట్టించిన చుక్కల అక్షరాలు: పెళ్లికూతురి పేరు, ఇచ్చిన మేనత్త పేరు, తేదీ. ఒక కంచం మీద ‘శాంత’లో దీర్ఘం ఎగిరిపోయి ‘శంత’ అయింది. ఆవిడ అందులో తిన్నంతకాలం కొట్టువాణ్ణి తిడుతూనే ఉంది.

అసలు తమాషా పరాయి పేర్లున్న గిన్నెలది. పక్కింటి నుంచి పులిహోరతో వచ్చి, ఖాళీగా పంపకూడదు కదా అని ఆగి, ఆగి, వాళ్లు బోడుప్పల్ వెళ్లిపోయినా ఇక్కడే ఉండిపోయినవి.

మ్యూజియం చీటీ మీద మామూలుగా లోహం పేరు, శతాబ్దం ఉంటాయి. ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారో మన గ్లాసయితే తానే చెబుతుంది. అందుకే నాకో దురాశ: చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక్క గది ఇస్తే ఈ అటకల సరుకంతా అక్కడ పెట్టొచ్చు. చీటీలు రాసే ఖర్చు కూడా ఉండదు.

దురాశ అని ఎందుకన్నానంటే, గ్రూప్స్‌కి చదివే పిల్లలకే అక్కడ కూర్చోడానికి చోటు చాలదు. మధ్యాహ్నం ఆ అశోక్‌నగర్ హాస్టల్ పిల్లలు బాక్సులు విప్పినప్పుడు చూడండి. ఒక మూత మీద ఏ ఊళ్లోనో జరిగిన గృహప్రవేశం తేదీ ఉంటుంది. కొత్తగా కొన్నవాటి మీద మార్కరుతో రాసుకున్న పేరు, రూం నంబరు. నాలుగుసార్లు తోమితే అది పోతుంది, మళ్లీ రాసుకుంటారు.